ముందే కాస్త నల్లబడితే ఎండ ఏమీ చేయదా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ బ్యూటీ పార్లర్ల బోర్డులు చదువుకుంటూ పోతే డీట్యాన్ అన్న మాట తగలక మానదు. ఎండకు పట్టిన నలుపు వదిలించడానికి డబ్బు తీసుకునే వ్యాపారం అది. అవే ఊళ్ళ నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా, ఇంగ్లండ్ వెళ్ళిన పిల్లలకు అక్కడి బజారులో దీనికి సరిగ్గా ఎదురు దుకాణం కనపడుతుంది. నలుపు పట్టించడానికి డబ్బు తీసుకునే దుకాణం. లోపల మూత ఉన్న మంచం లాంటి పెట్టె ఉంటుంది. కిందా పైనా ట్యూబులైట్ల వరస. బట్టలు తీసి, కళ్ళకు చిన్న గాగుల్స్ పెట్టుకుని, ఆ గాజు పలక మీద పది పదిహేను నిమిషాలు పడుకుని లేస్తారు. దాన్నే ట్యానింగ్ బెడ్ అంటారు, కొన్ని దేశాల్లో సోలేరియం అంటారు.

అందం కోసం పడుకునేవాళ్ళ సంగతి అలా ఉంచితే, జాగ్రత్త పేరుతో పడుకునేవాళ్ళు ఇంకో రకం. మార్చిలో కాలేజీలకు వారం సెలవులిస్తారు. ఫ్లోరిడాకో మెక్సికోలోని కాన్‌కూన్‌కో సముద్రం ఒడ్డుకు పోవాలి. చలికాలమంతా కోట్ల కింద దాగిన తెల్లటి ఒళ్ళు ఒక్కసారిగా ఆ ఎండలో పడితే ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి, నాలుగు రోజులకు పొర ఊడుతుంది. అందుకని ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందు నుంచి వారానికి రెండు మూడు సార్లు బెడ్ మీద పడుకుని, ఒంటికి కొంచెం రంగు తెచ్చుకుని బయల్దేరతారు. దానికి బేస్ ట్యాన్ అని పేరు. పునాది నలుపు అనుకోవచ్చు. రూమ్మేట్లు వెళ్తుంటే చూసిన మన పిల్లలకు కూడా సందేహం వస్తుంది: నిజంగా పనిచేస్తుందా, మనమూ ఓసారి పడుకుంటే పోలా అని.

వినడానికి ఆ వాదన బాగానే ఉంటుంది. పార పట్టగా పట్టగా అరచేయి కాయ కాస్తుంది, కాయ కాశాక బొబ్బలు రావు. చర్మాన్ని కూడా ఎండకు అలాగే కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పొలం పని చేసిన ఏ కుటుంబానికైనా ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. తిరకాసు కూడా ఆ పోలికలోనే ఉంది.

రంగు ఒకటే, పని ఒకటి కాదు

ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు మన దాకా వచ్చేవి రెండు రకాలు. యూవీబీ పొట్టి కిరణం, 280 నుంచి 315 నానోమీటర్ల మధ్యది. చర్మం పైపొరలోనే ఆగిపోతుంది, కమలబెట్టేది ప్రధానంగా అదే. యూవీఏ దానికంటే పొడుగు కిరణం, 315 నుంచి 400 దాకా. అది లోపలి పొర దాకా దిగి చర్మం బిగువు సడలిస్తుంది, ముడతలు తెస్తుంది. నేలకు చేరే అతినీలలోహితంలో 95 శాతం వరకు యూవీఏనే. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు ఆపేస్తుంది గానీ యూవీఏని చాలావరకు వదిలేస్తుంది. ఏళ్ళ తరబడి చెన్నై హైవే మీద బండి తోలిన డ్రైవర్లకు ఎడమ చేతి కంటే కుడి చెయ్యి నల్లబడటంలో ఆ అద్దం వదిలిన వాటా కూడా ఉంటుంది.

ట్యానింగ్ బెడ్ ట్యూబుల నుంచి వచ్చేది కూడా చాలావరకు యూవీఏనే, యూవీబీ కొద్దిగా కలిసి ఉంటుంది. కానీ మోతాదు వేరు. పెద్ద బెడ్లలో యూవీఏ తీవ్రత మధ్యధరా సముద్రం ఒడ్డున మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండేదానికి 10 నుంచి 15 రెట్లు ఉండవచ్చు. ప్రకృతిలో ఎక్కడా దొరకని ఎండ అది.

ఈ రెండు కిరణాలూ చర్మాన్ని నల్లబరుస్తాయి, కాకపోతే ఒకే విధంగా కాదు. యూవీఏ తగిలితే చర్మంలో అప్పటికే ఉన్న మెలనిన్ అనే రంగు పదార్థం ఆక్సీకరణం చెంది ముదురు రంగుకు మారుతుంది. నిమిషాల్లోనే నలుపు కనపడుతుంది. కొత్త మెలనిన్ పుట్టదు, ఉన్నదే రంగు మారుతుంది. యూవీబీ చేసే నలుపు రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. అప్పుడు కొత్త మెలనిన్ తయారై పైకణాలకు చేరుతుంది, పైపొర కూడా కొంచెం మందమవుతుంది. కాయ కాయడం లాంటిది ఏదైనా ఉందంటే ఈ రెండోదే. బెడ్‌లో దొరికేది ఎక్కువగా మొదటిది. కొన్న మనిషికి అద్దంలో రంగు కనపడుతుంది, కాపుదల మాత్రం అందులో దాదాపు ఉండదు.

మన చర్మానికి ఇంకో తమాషా ఉంది. గోధుమ రంగు ఒంట్లో మెలనిన్ ముందే బోలెడు ఉంటుంది కాబట్టి యూవీఏ తగలగానే తెల్లవాళ్ళకంటే త్వరగా, గట్టిగా నల్లబడుతుంది. నెల్లూరు కుర్రాడు రూమ్మేట్‌తో పాటు బెడ్ ఎక్కితే మొదటి రోజే రంగు తేలుతుంది. భలే పనిచేసిందే అనుకుంటాడు. చాలా రంగు, బహు కొద్ది రక్షణ దొరికేది సరిగ్గా ఇలాంటి చర్మానికే.

గండి పడ్డాకే ఇసుక బస్తాలు

కొత్త మెలనిన్ ఎందుకు పుడుతుందన్నది అసలు ప్రశ్న. అతినీలలోహిత కిరణం చర్మకణంలోని డీఎన్ఏకి తగిలినప్పుడు ఆ పొడవాటి దండలో పక్కపక్కనున్న రెండు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం ఆ వాక్యాన్ని సరిగా చదవలేదు. అలాంటి దెబ్బ తగిలిందని పీ53 అనే ప్రొటీన్ కనిపెడుతుంది. అది ఒక హార్మోనును పుట్టిస్తుంది, ఆ హార్మోను మెలనోసైట్ అనే రంగు కణానికి కబురు చేరవేస్తుంది, అప్పుడు మెలనిన్ తయారీ మొదలవుతుంది. ఈ గొలుసును 2007లో అమెరికా పరిశోధకులు విడమరిచి చూపించారు. డీఎన్ఏ దెబ్బతినడమే నల్లబడటానికి కబురు.

2021 నవంబరులో పెన్న వరద చూసినవాళ్ళకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. కట్ట తెగినచోట ఇసుక బస్తాలు వేస్తారు. బస్తాలు కనపడ్డాయంటే అక్కడ గండి పడిందనే. బస్తాలు ముందే వేసి ఉంచుకుందామని కట్టను మనమే తవ్వుకోం కదా. అరచేతి కాయతో పోలిక చెడిపోయేది కూడా ఇక్కడే. పార రాపిడికి పైన చచ్చిన తోలు పేరుకుంటుంది, లోపలి కణాల రాత మారదు. ఎండకు నల్లబడేటప్పుడు మారేది ఆ రాతే. చాలా దెబ్బలను కణం తనంతట తాను సరిచేసుకుంటుంది, కొన్ని అలాగే మిగిలిపోతాయి. ఏళ్ళ మీద పోగయ్యేవి అవే.

పైగా పెట్టె మూత తెరిచి లేచి వచ్చేసినంత మాత్రాన పని ఆగదు. అతుకులు పడటం చీకట్లో కూడా మూడు గంటలకు పైగా సాగుతుందని, దానికి కొంతవరకు కారణం మెలనినేనని 2015లో వచ్చిన పరిశోధన తేల్చింది. కాపాడుతుందనుకున్న మెలనినే కిరణశక్తిని పట్టి ఉంచుకుని, నిదానంగా డీఎన్ఏకి అంటిస్తుంది. మెలనిన్ పనికిరాదని దీని అర్థం కాదు, అది ఉన్నవాళ్ళకు చర్మ క్యాన్సర్లు తక్కువే. కాకపోతే అది ఉక్కు కవచం కాదు.

పదకొండు నిమిషాల లెక్క

బేస్ ట్యాన్ వల్ల ఏమీ ఒరగదని కొట్టిపారేస్తే కూడా నిజం కాదు. ఎంతో కొంత ఆపుతుంది. ఎంత అన్నది సన్‌స్క్రీన్ ట్యూబు మీద వేసే ఎస్‌పీఎఫ్ అంకెలోకి మారిస్తే, మంచి ట్యాన్ తెచ్చుకున్న తెల్లతోలుకు వచ్చేది సుమారు 3, చాలా ఉదారంగా చూస్తే 4. ఆ నలుపు కేవలం యూవీఏది అయితే అంత కూడా రాదు.

ఈ 3 అంటే ఏమిటో కాగితం మీద వేసి చూడవచ్చు. వాతావరణ యాప్‌లలో యూవీ సూచిక అని ఒక అంకె వస్తుంది. అందులో ప్రతి ఒక్క అంకెకు, కమలబెట్టే శక్తి చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు. సూచిక 11 గానీ ఆ పైన గానీ ఉంటే అత్యంత తీవ్రం అంటారు. 12 ఉందనుకుందాం, అంటే 300 మిల్లీవాట్లు, సెకనుకు 0.3 జౌళ్ళ శక్తి. ఎండకు త్వరగా ఎర్రబడే తెల్లతోలు కమలడానికి చదరపు మీటరుకు సుమారు 200 జౌళ్ళు చాలు. 200ని 0.3తో భాగిస్తే 667 సెకన్లు, పదకొండు నిమిషాల చిల్లర. బేస్ ట్యాన్ దాన్ని మూడు రెట్లు చేస్తే ముప్పై మూడు నిమిషాలు. బీచికి వెళ్ళినవాళ్ళు నాలుగైదు గంటలు ఉంటారు. పదకొండు నిమిషాలకు కమలాల్సినవాళ్ళు అరగంటకు కమిలారు, అంతే తేడా. ఆ ఇరవై రెండు నిమిషాలు సంపాదించడానికి అంతకు ముందు నెలంతా ఎనిమిదో పదో సార్లు పెట్టెలో పడుకున్నారు, దానికి డబ్బు కూడా కట్టారు.

ఎస్‌పీఎఫ్ 3 అంటే మూడో వంతు కిరణాలు లోపలికి పోతాయని. 30 అయితే ముప్పయ్యో వంతు పోతుంది. బట్టలకూ ఇలాంటి కొలతే ఉంది. మామూలు తెల్ల నూలు టీషర్టు పొడిగా ఉన్నప్పుడు 5 నుంచి 7 దాకా ఆపుతుంది, నీళ్ళలో తడిస్తే సుమారు 3కి పడుతుంది. నెల రోజుల బెడ్ కష్టం విలువ ఒక తడిసిన తెల్ల టీషర్టు విలువతో సమానం. ఈ పోలిక దుకాణాల ప్రకటనల్లో ఎందుకో కనపడదు.

ఇదే లెక్కను మన వైపు తోలుకు వేస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి వర్గాలుగా విడగొట్టే పద్ధతిని 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టాడు. మొదట గోధుమ, నల్ల రంగులకు అందులో చోటే లేదు, ఆ రెండు వర్గాలూ తర్వాత చేర్చారు. ఇప్పుడున్న ఆరింటిలో మనవాళ్ళు ఎక్కువగా నాలుగు, ఐదులోకి వస్తారు. నాలుగో వర్గం కమలడానికి సుమారు 450 జౌళ్ళు కావాలి. అదే ఎండలో ఇరవై అయిదు నిమిషాలు. ఐదో వర్గానికి ఇంకా ఎక్కువ. అంటే తెల్లవాళ్ళు నెల రోజులు బెడ్ మీద పొర్లి తెచ్చుకునేది మన పిల్లలకు పుట్టుకతోనే వచ్చింది. దాన్ని కొనుక్కోవడానికి వాళ్ళ వెంట వెళ్ళడం, బావి ఉన్నవాడు బిందె నీళ్ళకు ట్యాంకరు పిలిపించుకున్నట్టు ఉంటుంది.

అయితే ఇరవై అయిదు నిమిషాలే. ఐదు గంటలు కాదు. "మనం నల్లగానే ఉన్నాంగా, మనకెందుకవన్నీ" అన్న మాట కూడా అక్కడే ఆగిపోతుంది.

వడదెబ్బ వేరు, కమలడం వేరు

తెలుగులో వడదెబ్బకు పేరుంది. ఎండకు తోలు కమలడానికి విడిగా ఒక పేరు లేదు. కమిలింది, కందింది, మాడింది, పొర ఊడింది అని క్రియలతో సరిపెట్టుకుంటాం. మన ఊళ్ళలో ఎండ చంపేది వేడితో కాబట్టి పేరు వేడికే దక్కింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నా, కత్తెర ఎండల్లో బయటికి పోవద్దన్నా ఆ భయం వడగాడ్పు భయం. అందులో తప్పేం లేదు, వడదెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. కాకపోతే వేడిని కొలబద్దగా పెట్టుకుంటే అతినీలలోహితం లెక్క తప్పుతుంది.

నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి. ఒంగోలుకు మే మొదట్లో, మళ్ళీ ఆగస్టులోనే. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటి కొద్ది నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. అతినీలలోహితం శిఖరం ఆ నిమిషమే. వేడి శిఖరం మాత్రం రెండు మూడు గంటలకు. మూడు గంటలకు ఒళ్ళు ఎక్కువ మండుతున్నట్టుంటుంది గానీ అప్పటికి యూవీ సగానికి పడిపోతుంది. ఇక ఆగస్టులో మబ్బులు, అడపాదడపా చినుకులు, వేడి తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మబ్బు పక్కకు తప్పుకున్న అరగంటలో పడే యూవీ మాత్రం ఏప్రిల్ నాటిదే. పలచటి మబ్బు దాన్ని పెద్దగా ఆపదు కూడా.

కొలవడానికి యాప్ లేకపోయినా నీడ ఉంది. మనిషి నీడ మనిషికంటే పొట్టిగా ఉన్నంతసేపు సూర్యుడు 45 డిగ్రీల పైన ఉన్నట్టు. వేసవిలో మన దగ్గర సుమారు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అలా ఉంటుంది.

సముద్రం దగ్గర గాలి మోసం చేస్తుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో మధ్యాహ్నం గాలి తూర్పు నుంచి తిరిగిందంటే ఒళ్ళు చల్లబడుతుంది, ఎండ తగ్గినట్టే అనిపిస్తుంది. కిరణాలకు గాలితో పని లేదు. పొడి ఇసుక సుమారు 15 శాతం, అలల నురుగు 25 శాతం దాకా కిరణాల్ని తిప్పి కొడతాయి, గొడుగు కింద కూర్చున్నా కింది నుంచి కొంత తగులుతుంది. అర మీటరు లోతు నీళ్ళలో కూడా పైన ఉన్నదాంట్లో దాదాపు 40 శాతం మిగిలే ఉంటుంది. నడుం లోతు నీళ్ళలో గంటల కొద్దీ ఆడే పిల్లలకు భుజాలతో పాటు నీటి కింది ఒళ్ళు కూడా అందుకే కమిలేది.

మన కుటుంబాలు వేసవి సెలవులకు వెళ్ళేది నిజానికి సముద్రానికి కాదు, కొండలకు. ఎండ తప్పించుకోవడానికి ఊటీ పోతారు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. ప్రతి వెయ్యి మీటర్లకు యూవీ పది శాతం, ఆ పైన పెరుగుతుంది. పైగా అది నెల్లూరుకంటే భూమధ్యరేఖకు దగ్గర. చలికి స్వెట్టర్ వేసుకుని, ఎండ హాయిగా ఉందని సరస్సు ఒడ్డున మధ్యాహ్నమంతా కూర్చుంటారు. మబ్బు లేని రోజైతే అక్కడి ఎండలో యూవీ మైపాడులోకంటే ఎక్కువ. కశ్మీరు, మనాలిలో దానికి మంచు తోడవుతుంది. గుల్మార్గ్ 2,650 మీటర్లు, తాజా మంచు కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. జన్మలో ఎండకు కమలని మనిషి మొదటిసారి ముక్కు మీద, చెంపల మీద, గడ్డం కింద పొర ఊడదీసుకుని వచ్చేది మంచు చూసి వచ్చాకే. గడ్డం కింద ఎందుకంటే కిరణం కింది నుంచి వచ్చింది కాబట్టి. ఒళ్ళు వేడెక్కలేదు కాబట్టి హెచ్చరిక కూడా అందలేదు.

బేస్ ట్యాన్ ఆలోచన పుట్టింది ఎక్కడో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. డిసెంబరు లండన్‌లో యూవీ సూచిక ఒకటి దాటదు. అక్కడి నుంచి విమానమెక్కి గోవాలో దిగిన మనిషికి ఆ సూచిక ఒక్కసారిగా ఎన్నో రెట్లు అవుతుంది. మెట్లు లేని గోడ ఎక్కాలంటే ముందు స్టూలు వేసుకోవాలనిపించడం సహజం. మన దగ్గర చలికాలం మధ్యాహ్నాలు కూడా ఎండ అంత కిందికి దిగదు. ఆ స్టూలు అవసరమే మనకు లేదు.

ఆసుపత్రి పెట్టె, దుకాణం పెట్టె

బెడ్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. చర్మ వైద్యులే లైట్ల గదిలో నిలబెడతారు కదా, అది మంచిదైతే ఇది చెడ్డదెలా అయింది?

వెలుతురుతో వైద్యం కొత్తదేమీ కాదు. చర్మ క్షయకు కాంతి చికిత్స చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. మన నాటు వైద్యంలో బొల్లి మచ్చలకు బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టడం అంతకంటే ఎంతో పాతది. బావంచాల్లో ఉండే సోరాలెన్ చర్మాన్ని యూవీఏకి సున్నితం చేస్తుంది. దాన్నే మాత్రగానో లోషన్‌గానో ఇచ్చి లెక్క ప్రకారం యూవీఏ ఇచ్చే చికిత్స ఆసుపత్రుల్లోకి వచ్చింది. దాన్ని చాలా ఏళ్ళు తీసుకున్నవాళ్ళలో చర్మ క్యాన్సర్ ముప్పు పెరిగిందని తేలడంతో ఇప్పుడు బొల్లికి, సొరియాసిస్‌కు ఎక్కువగా 311 నానోమీటర్ల సన్నటి యూవీబీ వాడుతున్నారు. ఎవరికి, ఎంత సేపు, ఎన్ని సార్లు అన్నది కార్డు మీద రాసి ఉంటుంది. జబ్బు ఉంది కాబట్టి కొంత ముప్పును ఒప్పుకుని చేసే పని అది. దుకాణం పెట్టెలో జబ్బూ లేదు, కార్డూ లేదు.

విటమిన్ డి వస్తుందన్న వాదన ఇంకా బలహీనం. ఆ విటమిన్‌ని చర్మం తయారు చేసుకునేది యూవీబీతో. పెట్టెలో ఎక్కువగా ఉన్నది యూవీఏ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ట్యానింగ్ పరికరాలను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న జాబితా అది. పొగాకును ఆరబెట్టే బ్యారన్ల పొగతో బతికిన కందుకూరు, కొండపి వైపు జనానికి ఆ వరస బరువు తెలుస్తుంది. జాబితాలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ముప్పు సమానమని కాదు, రుజువు అంత గట్టిగా ఉందని. 35 ఏళ్ళలోపు బెడ్ మొదలుపెట్టినవాళ్ళకు మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ముప్పు 75 శాతం పెరుగుతుందని 2006 నాటి సమీక్ష చెప్పింది. 2012లో మరిన్ని అధ్యయనాలు కలిపి లెక్కిస్తే ఆ అంకె 59 శాతానికి తగ్గింది. తగ్గిందని సంతోషించదగ్గ అంకె కాదది.

ఆ అంకెలన్నీ ఎక్కువగా తెల్లవాళ్ళవే. మనలో మెలనోమా చాలా అరుదు, వచ్చినా ఎక్కువగా అరికాలిలోనో గోరు కిందనో వస్తుంది, దానికి ఎండతో పెద్ద సంబంధం లేదు. ఆ అంకెలు చూపించి మన పిల్లల్ని భయపెట్టడం నిజాయితీ అనిపించుకోదు. మనకు తగిలే దెబ్బ వేరే ఉంది. మంగు. చెంపల మీద, నుదుటి మీద మంగు మచ్చలు ఒకసారి దిగాయంటే పోవడానికి ఏళ్ళు పడుతుంది, యూవీఏ దాన్ని రెచ్చగొడుతుంది. మొటిమలు మానినచోట నల్ల మచ్చలు నిలిచిపోవడం కూడా అలాంటిదే. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నవాళ్ళు, బీపీకి కొన్ని రకాల నీటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఎండకైనా బెడ్‌కైనా మామూలుకంటే త్వరగా కమిలిపోతారు. గాగుల్స్ తీసేసి పడుకుంటే వెల్డింగ్ మంట చూసినవాడి కళ్ళలాగే రాత్రికి కళ్ళు ఇసుక పోసినట్టు మండుతాయి.

బ్రెజిల్ 2009లో అందం కోసం వాడే బెడ్లను పూర్తిగా నిషేధించింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కు చెందిన క్లేర్ ఆలివర్ అనే అమ్మాయి 2007లో 26 ఏళ్ళకే మెలనోమాతో చనిపోయింది, చివరి రోజుల్లో సోలేరియంల మీద ప్రచారం చేసింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో 2015 జనవరి 1 నుంచి ఆ దుకాణాలు మూతపడ్డాయి. అమెరికా 2010లో వీటి మీద పది శాతం పన్ను వేసింది, 2014లో 18 ఏళ్ళలోపువాళ్ళు వాడకూడదన్న హెచ్చరిక పెట్టెల మీద పెట్టించింది.

ప్రయాణానికి ముందు బ్లీచింగ్

తెల్లవాళ్ళ పిచ్చి చూసి నవ్వుకునే ముందు మన ప్రయాణం ముందు రోజు ఏం జరుగుతుందో చూడాలి. గోవా టికెట్లు బుక్ అయ్యాక ఫొటోలు బాగా రావాలని పార్లర్‌కు వెళ్ళి బ్లీచింగ్, డీట్యాన్ ప్యాక్ చేయించుకుని బయల్దేరేవాళ్ళు తక్కువేం లేరు. వాళ్ళు రంగు వేసుకుని ఎండలోకి పోతే మనం ఉన్న రంగు గీకించుకుని పోతున్నాం. ఈ ప్యాక్‌లలో కొన్నింటిలో పండ్ల ఆమ్లాలు ఉంటాయి. అవి పైన ఉన్న మృతకణాల పొరను పలచన చేస్తాయి, ఆ తర్వాత కొన్ని రోజుల పాటు చర్మం ఎండకు మరింత సున్నితంగా ఉంటుంది. బ్లీచింగ్ మంట సరేసరి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉన్నాయి. నెలల తరబడి వాడితే తోలు పలచబడి, ఎండలోకి వెళ్ళగానే ముఖం ఎర్రగా మండుతుంది. ఈ పనులన్నీ తిరిగి వచ్చాక పెట్టుకున్నా నష్టం లేదు, స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం ఎప్పుడూ వద్దు.

సీసాలో దొరికే రంగు కూడా ఒకటుంది. రాసుకుంటే పైన ఉన్న మృతకణాలు గోధుమ రంగుకు తిరుగుతాయి, వారంలో రాలిపోతాయి. బెడ్ కంటే చాలా మేలు, ఎండను మాత్రం ఆపదు.

ఆపేవి ఏవన్నది మన పొలాల్లో ఎప్పటి నుంచో ఉంది. నాట్లకు, మిరపకాయ కోతకు వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద ఇంట్లో మగవాళ్ళ పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఆకు గీరకుండా, చెమట కారకుండా, నల్లబడకుండా, అన్నిటికీ ఆ ఒక్క చొక్కానే. దగ్గర నేత ఉన్న ముదురు రంగు చొక్కా ఆపే యూవీ ముందు ఏ బేస్ ట్యానూ నిలవదు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేసేవాళ్ళు తెల్లవారకముందే మైపాడు చేరి ఎండ ముదిరేలోపు బస్సెక్కేస్తారు. పుణ్యం కోసం పెట్టుకున్న వేళ అది, యూవీ సూచిక ప్రకారం చూసినా అంతకంటే మంచి వేళ లేదు.

మిగిలింది సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ, పక్కన పీఏ అని మూడు నాలుగు ప్లస్ గుర్తులున్నది. ఆ ప్లస్‌లు యూవీఏకి. ట్యూబు మీద అంకె నిజం కావాలంటే రాసే మందం కూడా పరీక్షలో రాసినంత ఉండాలి. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండినంత. చాలామంది శనగగింజంత తీసుకుని ముఖమంతా లాగుతారు, అప్పుడు 50 కాస్తా ఎంతో కిందికి దిగిపోతుంది. రెండు గంటలకోసారి, నీళ్ళలో నుంచి లేచినప్పుడల్లా మళ్ళీ రాయాలి. ఈతబట్టల్లో ఉన్న పెద్ద మనిషికి ఒళ్ళంతా ఒక్కసారి రాయడానికి 30 మిల్లీలీటర్లు పైనే పడుతుంది, అంటే 50 గ్రాముల ట్యూబు ఇద్దరికి ఒక్క పూట కూడా రాదు. ఆ లెక్కన అది నలుగురున్న కుటుంబానికి జరిగే పని కాదు. ఫుల్ చేతుల చొక్కాలు, పంచెలో లుంగీలో, అంచు వెడల్పు టోపీలు వేసుకుంటే మిగిలేది ముఖం, మెడ, అరచేతుల వెనక భాగం, పాదాల పైభాగం. అప్పుడు అదే ట్యూబు చాలా ఎక్కువ పూటలు వస్తుంది, పాదాలకు రాయడం మాత్రం మర్చిపోకూడదు.